మూడు రింగులు

రాయ్‌పూర్, డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ
6 అక్టోబరు 2002

సూరమ్మకి,

పొద్దున ఏడింటికి నీ రెండు రింగులూ వచ్చాయి, ఎప్పటిలాగే ఎత్తకుండా లెక్కపెట్టుకున్నాను. జవాబుగా నేను కొట్టిన రెండూ నీకు అందే ఉంటాయి. అంటే ఇద్దరం బాగానే ఉన్నామన్నమాట. కాబట్టి ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమా అని రాసి కాగితం పాడుచేయను.

మొన్న సోమవారంతో నా నౌకరీ అయిపోయింది. పూలదండ, శాలువా, గోడగడియారం. గడియారం ఎందుకిస్తారో నాకు అర్థం కాదు, టైము చూసుకోవలసిన పని ఆ రోజుతోనే కదా పోయేది. బడా సాబ్ లేచి, ఇన్నేళ్లుగా రాయ్‌పూర్ రైల్వే ఎక్స్‌చేంజి అంటే తనకి ఊర్మిళాజీ గొంతేనని అన్నారు. ఆయన వచ్చి రెండేళ్లే అయింది. అయినా అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

చివరిసారి బోర్డు దగ్గర కాసేపు కూర్చుని లేచాను. ఇప్పుడది బోర్డేమిటి, బల్ల మీద చిన్న పెట్టె, నాలుగు మీటలు. నేను చేరినప్పుడు గోడంత ఉండేది. ఎవరో ఎక్కడో ఫోను ఎత్తితే బోర్డు మీద వేలెడంత రేకు మూత టప్పున పడేది. తీగ చివరి పిన్ను ఆ కన్నంలో గుచ్చి, ఎవరు కావాలో అడిగి, ఇంకో తీగ ఇంకో కన్నంలో గుచ్చితే ఇద్దరు మనుషులు కలిసేవారు. డ్యూటీ దిగేసరికి వేళ్లకి ఇత్తడి వాసన. మీ అన్నయ్య అన్నం తింటూ, పప్పులో రైల్వే రుచి వస్తోందనేవారు.

మనిద్దరం మాట్లాడుకోవాలంటే ఎంత తతంగమో గుర్తుందా? నువ్వు పార్వతీపురం స్టేషనుకి వచ్చి మాస్టరుగారి గదిలో నిలబడాలి. నేనిక్కడ టిట్లాగఢ్‌ని పట్టుకోవాలి, టిట్లాగఢ్ రాయగడని, రాయగడ మీ స్టేషన్ని. ఒక్కో మజిలీకి గొంతు సన్నగిల్లి నా చెవిలో పడేసరికి చీమ మాట్లాడినట్టు ఉండేది. అందుకని రాయగడ ఎక్స్‌చేంజి రామయ్య మధ్యలో కూర్చుని నీ మాట నాకూ, నా మాట నీకూ చెప్పేవాడు. మీ అన్నయ్యకి సొంతూరి వైపు బదిలీ వచ్చినప్పుడు, నా ఉద్యోగం పోతుందని నేను వద్దన్నాను. నువ్వు స్టేషనుకొచ్చి నన్ను దులిపేశావు. సన్నగానే అయినా నాకు వినపడింది. “ఏటి వదినా, మా అన్నని ఆ ఊరికి రాసిచ్చీసేవా?” అన్నావు. రామయ్య గొంతు సవరించుకుని, కొండలరావుగారి ఒంట్లో ఎలాగుందని అడుగుతున్నారమ్మా అన్నాడు.

మీ అన్నయ్య పోయిన రోజున ఈ ఇంటి వాకిట్లో నువ్వన్న మాటకి మాత్రం మధ్యలో రామయ్య లేడు. “నువ్వు కదలనిచ్చుంటే మా అన్న బతికుండీవోడు” అన్నావు. ఐదేళ్లయింది. ఆ తర్వాత నువ్వు రాయ్‌పూర్ రాలేదు, నేను పార్వతీపురం రాలేదు. ఆదివారం పూట రెండు రింగులు మాత్రం ఇద్దరం మానలేదు. నాకదే చాలనుకున్నాను.

ఇప్పుడు చాలదనిపిస్తోంది. జనవరి ఆఖరుకి ఈ క్వార్టరు ఖాళీ చేయాలి. బిందు నాగపూర్ రమ్మంటోంది. అల్లుడు మంచివాడే గానీ, కూతురింట్లో నేనెప్పుడూ చుట్టంలాగే కూర్చోవాలి. నాకు నీ దగ్గరికి రావాలని ఉంది. పార్వతీపురం బెలగాంలో మీ ఇంట్లో మీ అన్నయ్య గది ఉంది కదా, అందులో ఉంటాను. నువ్వు పిల్లలకి కుట్టు నేర్పుకుంటుంటే నేను వంట చూసుకుంటాను.

ఈ నాలుగు వాక్యాలు రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఫోనులో అడగను. ఇన్నేళ్లు ఊరి వాళ్ల మాటలన్నీ చెవిలో పడ్డాక, ఫోనులో మాట్లాడితే ఎవరో మూడో మనిషి వింటున్నట్టే ఉంటుంది నాకు. ఆ మూడో మనిషిని నేనే కదా. వద్దని నువ్వు ఉత్తరం రాస్తే అదీ చదవలేను. అందుకని ఇలా చేద్దాం. దీపావళి వెళ్లాక వచ్చే ఆదివారం, ఎప్పటిలాగే ఏడింటికి, రమ్మంటే మూడు రింగులు కొట్టు. వద్దనుకుంటే మామూలుగా రెండు. ఏమీ అనుకోను. ఏదైనా సరే, ఈ సంగతి మళ్లీ ఉత్తరాల్లో ఎత్తకు.

నీ వదిన
ఊర్మిళ


పార్వతీపురం, బెలగాం
24 నవంబరు 2002

వదినకి సూరమ్మ దండాలు.

ఎత్తొద్దన్నావు, ఎత్తను. నా మనసులో ఏముందో నీకీపాటికి తెలిసిందనే అనుకుంటున్నాను.

రాయగడ రామయ్య కనిపించాడు. రిటైరై ఇక్కడే కూతురి దగ్గర ఉంటున్నాడట, మనవరాలి గౌను కుట్టించడానికి వచ్చాడు. నా గొంతు విని గుర్తుపట్టాడు, మొహం చూసి కాదు. మీ వదినామరదళ్ల మధ్య ఎన్ని అబద్ధాలు చెప్పానో దేవుడికే తెలియాలమ్మా అన్నాడు. నా మాటలు నీకు మార్చి చెప్పాడని నీ ఉత్తరంలో చదివి తెలుసుకున్నాను, మరి నీ మాటలు నాకేం మార్చావయ్యా అని నిలదీశాను. ఒకసారి నువ్వు “ఆ నోటికి తాళం వేసుకోమను” అన్నావట. అతను నాకు, కొత్త చీర కొన్నానంటున్నారని చెప్పాడు. ఏ చీర, ఏ రంగు అని నేను నీకు వరసగా ఉత్తరాలు రాయలేదూ? నువ్వేమో నాకు మతిపోయిందని అన్నయ్యతో అన్నావు.

ఇక్కడ వానలు ఆగాయి. అన్నయ్య గదికి సున్నం వేయించాను. కిటికీ రెక్క ఊగిసలాడుతుంటే బిగించాను. మంచానికి కొత్త నవారు అల్లించాను. బ్యాంకులో పనిచేసే అబ్బాయి, అతని భార్య, ఓ చంటిపిల్ల, ఆ గది అద్దెకి కావాలని రెండుసార్లు వచ్చారు. జనవరి దాకా ఆగమన్నాను. అంతకు మించి ఆగరు.

బిందు వేసవిలో తెచ్చిన మీటల ఫోను బాగానే ఉంది. మొదటి మీటలో నిన్ను పెట్టి వెళ్లింది కదా, అది నొక్కితే చాలు నీ ఇల్లే. అంకెలు తలుచుకునే పని లేకపోయేసరికి నీ నంబరే మరిచిపోయాను. బిందుకి చెప్పకు, నవ్వుతుంది.

ఆదివారాలు నీ ఫోను మూగబోయింది. రిటైరైన వాళ్లు ఆదివారానికి కూడా సెలవు పెట్టొచ్చని నాకు తెలియదు. సరే, నీ ఇష్టం. చలికాలం వస్తోంది, ఆ ఊళ్లో చలి నీకు పడదు, చెవులకి గుడ్డ కట్టుకో.

సూరమ్మ


రాయ్‌పూర్, డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ
15 డిసెంబరు 2002

సూరమ్మకి,

రామయ్య సంగతి చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ చీర గొడవ నాకు బాగా గుర్తుంది. చివరికి నీ బాధ పడలేక మీ అన్నయ్య నిజంగానే ఓ చీర కొని నీకు పంపించారు.

ఎత్తొద్దన్నది నేనే కాబట్టి ఒక్క మాట రాసి వదిలేస్తాను. పలక్కపోవడం కూడా జవాబే. రెండు రింగులకైనా మనసు ఒప్పాలి కదా, ఒప్పనప్పుడు ఎవరు మాత్రం ఏం చేస్తారు. నిష్ఠూరంగా రాయడం లేదు. గది ఆ బ్యాంకు అబ్బాయికి ఇచ్చెయ్. సున్నం వేయించి, మంచం అల్లించి అంతా సిద్ధం చేసుకున్నాక ఇంకా వాళ్లని ఆపడం దేనికి? చంటిపిల్ల ఉంటే ఇల్లు కళగా ఉంటుంది.

నేనిక్కడే ఉండిపోతాను. తెలీబంధా వైపు ఒక ఇల్లు చూశాను గానీ కిందంతా దుకాణాలు, రొద. మోవాలో రెండు గదులు, వెనక కాస్త పెరడు ఉన్నది కుదిరింది. బయానా ఇచ్చేశాను. చూడ్డానికి వెళ్లిన రోజు పక్కింటి ముసలావిడ గోడ మీదుగా తల పెట్టి, “అకేల్లా రహిబే కా?” అంది. ఒక్కదానివే ఉంటావా అని. ఉంటానన్నాను. ఆవిడ లోపలికి వెళ్లి రెండు జామకాయలు తెచ్చిచ్చింది.

సామాను సర్దుతుంటే మన పాత నల్ల ఫోను బయటపడింది, వేలు పెట్టి తిప్పేది. కాలనీలో మొదట ఫోను వచ్చింది మనింటికే కదా. ఎవరికి ఫోనొచ్చినా మీ అన్నయ్య బనీనుతోనే పరిగెత్తి పిలుచుకొచ్చేవారు. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మనం వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసేవాళ్లం, వినడం లేదని వాళ్లకి తెలియాలని. ఆ ఏడాది నువ్వొచ్చి నెల రోజులున్నావు. గిన్నెలు చప్పుడు చేస్తూ చేస్తూ నువ్వు ఒక చెవి తలుపు దగ్గరే పెట్టేదానివి. ఫోను పారేయబుద్ధి కాలేదు, కట్టలో పెట్టాను.

నువ్వు కులాసాగా ఉండాలి.

నీ వదిన
ఊర్మిళ


పార్వతీపురం
12 జనవరి 2003

వదినకి,

గది ఇచ్చేశాను. నువ్వు ఇవ్వమన్నావు కాబట్టే ఇచ్చాను.

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండింది. పలక్కపోవడం కూడా జవాబేనట. అడగడమూ నువ్వే, మూగనోము పట్టడమూ నువ్వే. బయానా ఇచ్చాక చెప్పడమూ నువ్వే. అప్పుడు మా అన్నయ్యని కదలనివ్వలేదు, ఇప్పుడు నువ్వూ కదలవు. ఆ ఊళ్లో ఏముందో నాకు ఈ జన్మలో తెలియదు.

వచ్చే ఆదివారం నుంచి నేను ఫోను కొట్టను. నీకూ శ్రమ ఉండదు. చెవులకి గుడ్డ కట్టుకోమని క్రితం సారి రాశాను, కట్టుకున్నావో లేదో అది కూడా అడగను.

సూరమ్మ


రాయ్‌పూర్, మోవా
16 మార్చి 2003

సూరమ్మకి,

నీ జనవరి ఉత్తరానికి జవాబు రాయకూడదనే అనుకున్నాను. రెండు నెలలు ఆగినా కోపం పోలేదు గానీ, కోపంతో పాటు ఏదో అర్థం కాకపోవడం కూడా ఉండిపోయింది. అందుకని రాస్తున్నాను.

‘ఇప్పుడు నువ్వూ కదలవు’ అన్నావు. కదిలి వస్తానని అడిగినదాన్ని నేను. ముఖం చాటేసినదానివి నువ్వు. పైగా వచ్చే ఆదివారం నుంచి ఫోను కొట్టనన్నావు. నవంబరు మొదలు నువ్వు ఒక్క ఆదివారం కూడా కొట్టలేదు. దీపావళి ముందటి ఆదివారమే మానేశావు, నా ఉత్తరం చదివి ముందే చెప్పేస్తున్నావనుకున్నాను. అయినా నేను చెప్పిన ఆదివారం ఫోను పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. మూడు కాకపోతే రెండైనా వస్తాయనుకున్నాను. మధ్యాహ్నం దాకా పొయ్యి వెలిగించలేదు. మానేసిన పనిని మళ్లీ మానేస్తాననడం ఏమిటో నాకు తెలియలేదు. ఈ మాట నిన్ను అనడానికే రాశాను. ఇప్పుడు తేలికగా ఉంది.

ఇల్లు మారాను. పక్కింటావిడ రోజూ గోడ మీదుగా ఒకసారి పలకరిస్తుంది. పెరట్లో వంకాయ విత్తులు చల్లాను. రాత్రిళ్లు బిలాస్‌పూర్ రోడ్డు మీద లారీలు పోతుంటాయి, కాలనీలో రైళ్ల చప్పుడుకి అలవాటు పడ్డదాన్ని కాబట్టి నిద్ర పడుతోంది.

ఫోను కూడా ఇక్కడికి మార్పించాను. నంబరు మొత్తం మారింది, ఉత్తరం కింద రాశాను, అవసరం పడితే ఉంటుందని. పాత నంబర్లన్నిటికీ ముందు రెండు అనే అంకె చేర్చాలని మొన్న నవంబరు ఒకటి నుంచే కదా పెట్టారు. మా కాలనీలో ముసలివాళ్లకి అర్థం కాక నా దగ్గరికే వచ్చేవారు. ఇల్లిల్లూ తిరిగి, ఫోను పక్కన గోడ మీద బొగ్గుతో పెద్ద రెండంకె వేసి వచ్చాను. వాళ్లకి అది అలవాటయ్యేలోపు నేనే అక్కడ లేకుండా పోయాను.

చెవులకి గుడ్డ కట్టుకున్నాను. అడగనన్నావు కాబట్టి చెబుతున్నాను.

ఊర్మిళ


పార్వతీపురం
23 మార్చి 2003, ఆదివారం

వదినా,

ఏ రెండు?

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. నిలబడి చదివాను. బొగ్గుతో రెండంకె వేశానన్న చోట ఆగిపోయాను. ఇక్కడా నంబర్లకి ముందు రెండు చేర్చారు, కుట్టు నేర్చుకునే పిల్లల ఇళ్లన్నిటికీ నేను రెండు చేర్చే కొడుతున్నాను. నీ నంబరు మాత్రం నేనెప్పుడూ అంకెలతో కొట్టను కదా వదినా. అది మీటలో ఉంది. మీటకి ఎవరు చెబుతారు?

వెళ్లి మీట నొక్కాను. కుయ్, కుయ్, కుయ్. ఎప్పటిలాగే మూడు వినపడ్డాయి. ఎప్పటిలాగే పెట్టెయ్యబోయి, పెట్టకుండా నిలబడ్డాను. ఇంకో రెండు చప్పుళ్ల తర్వాత ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. హిందీలో ఏదో చెప్పింది, తర్వాత ఇంగ్లీషులో చెప్పింది, మళ్లీ హిందీలోకి దిగింది. నాకు రెండూ అంతంతమాత్రం. అద్దెకున్న బ్యాంకు అబ్బాయిని కేకేసి రిసీవరు అతని చెవికి పెట్టాను. రామయ్య తర్వాత నాకు మధ్యలో మనిషి కావలసి వచ్చింది మళ్లీ ఇప్పుడే. నంబర్లు మారాయి, ముందు రెండు చేర్చి చేయమంటోంది అత్తయ్యగారూ అన్నాడు. రిసీవరు లాక్కుని ఆవిడ మాటలు మళ్లీ మొదటి నుంచి విన్నాను. అతని భార్య మంచినీళ్లు తెచ్చింది.

ఆ చప్పుడు నీ ఇంట్లో మోగుతున్న రింగు కాదో అవునో నీకైతే వినగానే తెలిసేది. నాకు తెలియదు. మోగినట్టే వినపడింది. ప్రతి ఆదివారం ఆవిడ నాకీ మాట చెప్పబోయింది, ఆవిడ నోరు తెరిచేలోపు నేను పెట్టేశాను. ఎత్తకముందే పెట్టెయ్యాలన్నది మన పద్ధతే కదా.

ఎత్తొద్దన్నావు, అయినా ఎత్తుతున్నాను, ఎవరేమనుకున్నా సరే. నువ్వు చెప్పిన ఆదివారం నేను తలంటి పోసుకున్నాను. ఆ చీర కట్టుకున్నాను, అన్నయ్య కొని పంపినదే. ఏడు కొట్టగానే నొక్కాను. మూడు, వదినా. మూడు కొట్టాను. పిల్లలు కుట్టుకి వచ్చేదాకా నీ జవాబు రింగుల కోసం అక్కడే కూర్చున్నాను. తర్వాతి ఆదివారమూ మూడే కొట్టాను. ఆ తర్వాతా మూడే. వినపడలేదేమోనని కాదు, నువ్వు నమ్మలేదేమోనని. సున్నం నీ కోసం వేయించాను. నవారు నీ కోసం అల్లించాను. అద్దెకి అడుగుతున్నారని రాసింది, నువ్వు తొందరపడి బయల్దేరతావని. నువ్వు పలక్కపోతే, ఆ రోజు వాకిట్లో నేనన్న మాటకి ఇదీ జవాబు అనుకున్నాను. బాకీ తీర్చుకుంటోంది, తీర్చుకోనీ అనుకున్నాను.

నీ సంగతి చూడు. ఊరందరి గోడల మీద రెండు రాశావు, నాకొక్క కార్డు ముక్క రాయలేదు. కోపంగా అనడం లేదు. నాకు నవ్వొస్తోంది, నవ్వుతుంటే ఏడుపొస్తోంది.

ఇప్పుడు గది లేదు. ఆ చంటిది పాకడం నేర్చుకుంది, మిషను తొక్కుతుంటే వచ్చి నా కాలు పట్టుకుంటుంది. వాళ్లని పొమ్మనలేను. నువ్వు మోవాలో విత్తులు చల్లుకున్నావు, నిన్ను లేచి రమ్మనలేను. కాబట్టి ఈసారి నేను అడుగుతున్నాను. మా అన్నయ్య ఉన్న ఊరికి నేనొస్తాను. నేను, నా మిషను. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి మూడు రింగులు చాలనుకున్నాను, చాలవు. నీ కొత్త వాకిట్లో నిలబడి నా నోటితో చెబుతాను.

రమ్మంటే ఏప్రిల్ మొదటి ఆదివారం ఏడింటికి నువ్వు మూడు కొట్టు. నా నంబరుకి ముందు రెండు చేర్చు. వద్దంటే మాత్రం రింగులొద్దు, ఉత్తరమే రాయి. నేను చదవగలను.

సూరమ్మ


రాయ్‌పూర్, మోవా
6 జనవరి 2021

నాగపూర్‌లో ఉన్న మా వదినకి,

ఇంత ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటని బిందు నవ్వుతుంది, నవ్వనీ. ఫోనులో నువ్వు ఆఁ, ఊఁ తప్ప ఏమీ అనవు. పక్కన బిందు ఉంటుందని నీకు, ఉంటుందని నాకూ. మన ఇద్దరి రోగం ఒకటే.

ఇక్కడ అన్నీ బాగున్నాయి. వంకాయలు ఈసారి పుచ్చు లేకుండా కాశాయి. పక్కింటావిడ కోడలు మాస్కులు కుట్టిమ్మని అడిగితే సంచెడు కుట్టాను. కళ్లు సరిగా ఆనడం లేదు గానీ చేతికి అలవాటు కదా, కుట్టు మీద దానంతటదే పోతుంది.

కంటి ఆపరేషనుకని పోయిన హోళీ ముందు వెళ్లావు. పది రోజుల్లో వస్తానన్నావు. రైళ్లు ఆగాయి, సరే. ఇప్పుడు రైళ్లు తిరుగుతున్నాయి. మొన్న బిందు ఫోనులో, “అమ్మని ఇక ఇక్కడే ఉంచేసుకుంటాం అత్తా” అంది. నువ్వు వెనకే ఉన్నావని తెలుసు, నీ దగ్గు వినపడింది. నువ్వేమీ అనలేదు. అదే పలక్కపోవడం మళ్లీ వచ్చిందా అనుకున్నాను.

బిందు అన్నది తప్పు కాదు. అక్కడ ఆస్పత్రి దగ్గర. ఇక్కడ నువ్వు పడితే లేపే బలం నాకు లేదు, నేను పడితే నీకు లేదు. ఇది నేను ఆలోచించలేదనుకోకు. అయినా పొద్దున్నే కాఫీ రెండు గ్లాసుల్లో పోస్తున్నాను, ఒకటి చల్లారాక తాగుతున్నాను. ఈ ఇల్లు నీది, ఈ పెరడు నీది. మిషనుతో వచ్చి దిగిన నాటి నుంచీ ఇన్నేళ్లూ నీ ఇంట్లో ఒక్కరోజు కూడా చుట్టంలా కూర్చోలేదు నేను. ఇప్పుడు కూర్చుంటున్నాను. నాకు నువ్వు కావాలి వదినా. ఈ మాట ఎప్పుడైనా చెప్పానో లేదో గుర్తులేదు.

ఆ ఏప్రిల్ ఆదివారం నీకు గుర్తుందా? మూడు కొట్టమన్నాను. నువ్వు మూడుతో ఆపలేదు. నాలుగు, అయిదు, ఆరు. ఎత్తకూడదన్న పద్ధతి ఒకటి ఉంది కదా, నేను ఎత్తలేదు. లెక్క తప్పేదాకా మోగింది. బ్యాంకు అబ్బాయి భార్య పరిగెత్తుకొచ్చి, ఎత్తండి అత్తయ్యగారూ, ఎవరో పాపం అంది. నాకు తెలుసులే ఎవరో అన్నాను. పిచ్చిదాన్ని, అప్పుడే ఎత్తి ఉండవలసింది.

ఇప్పుడు అసలు సంగతి. పేపర్లో వేశారు. జనవరి పదిహేను నుంచి ఇలాంటి ఇంటి ఫోనులోంచి సెల్లుకి చేయాలంటే ముందు సున్నా చేర్చాలట. నీ సెల్లు నంబరు రాయ్‌పూర్‌దే కాబట్టి ఇన్నాళ్లూ సున్నా లేకుండానే కొడుతున్నాను, ఇకమీదట కుదరదట. ఈసారి ముందే రాస్తున్నాను చూడు. మీటలో ఉన్న నంబరు పక్కింటి అబ్బాయి చేత తీయించేశాను. ఫోను పైన గోడ మీద బొగ్గుతో పెద్ద సున్నా వేశాను. నువ్వు వచ్చి చూసి తిట్టాలి.

ఈ ఆదివారం కాదు, పై ఆదివారం, పదిహేడో తారీకున, ఏడింటికి చేస్తాను. సున్నా చేర్చి, ఒక్కో అంకే వేలితో నొక్కి చేస్తాను. వస్తానంటే ఇన్ని, రానంటే ఇన్ని అని లెక్కలు పెట్టను. మనకి ఆ లెక్కలు అచ్చిరాలేదు. బిందు పక్కనుంటే ఉండనీ, విననీ. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు చప్పుడు చేయమను.

రానంటే రానని నీ గొంతుతో చెప్పు, నేను వినగలను. వస్తానంటే ఏ బండికో చెప్పు. ఏదైనా నువ్వే చెప్పాలి, మధ్యలో రామయ్య లేడు.

మూడో రింగుకి పెట్టెయ్యను వదినా. నువ్వు ఎత్తేదాకా మోగనిస్తాను.

నీ మరదలు
సూరమ్మ